బీదర్‌లో పొరుగు నంబరు బండి

పదిహేనో శతాబ్దంలో బహమనీ రాజ్యానికి వచ్చిన రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ తన వెంట ఒక మేలుజాతి గుర్రాన్ని తెచ్చుకున్నాడు. అమ్ముకుంటే నాలుగు డబ్బులు మిగులుతాయని ఆశ. చౌల్ రేవులో దిగి జున్నర్ చేరేసరికి అక్కడి అధికారి అసద్‌ఖాన్ గుర్రాన్ని లాగేసుకున్నాడు. మతం మారితే గుర్రం వెనక్కిస్తాను, పైగా వెయ్యి బంగారు నాణేలిస్తాను అన్నాడు. ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు గడువు పెట్టాడు. ఖొరాసాన్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మధ్యలో కలగజేసుకుని మాట్లాడితే గానీ గుర్రం చేతికి రాలేదు. దాన్ని మేపుకుంటూ, ఆ మేతకే బోలెడు పోసి, చివరికి రాజధాని బీదర్‌లో క్రిస్మస్ రోజుల్లో అమ్ముకున్నాడు. ఈ సంగతులన్నీ అతనే తన ప్రయాణ కథనంలో రాసుకున్నాడు. పరాయి మనిషి, పరాయి వాహనం, దారిలో ఆపే అధికారి, ఒక గడువు, తెలిసినవాళ్ల సిఫారసు. బీదర్ దారిలో ఈ వరస అంత పాతది.

ఇప్పుడు ఆ ఊళ్లో రష్యా వర్తకులు లేరు గానీ పరాయి బండ్లకు కొదవ లేదు. మహారాష్ట్ర ఎంహెచ్‌లు, తెలంగాణ టీఎస్‌లు, కొత్త టీజీలు, అడపాదడపా ఏపీలు. జహీరాబాద్ 30 కిలోమీటర్ల దూరం, హైదరాబాద్ 140 పైచిలుకు. పాత నైజాం రాజ్యంలో బీదర్ జిల్లా అంటే ఇవన్నీ కలిసిన ముక్క. 1956 నవంబరు 1న భాషల లెక్కన కత్తిరించినప్పుడు జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి, ఉద్గీర్, నిలంగా అటు మరాఠీ వైపు వెళ్లాయి, బీదర్, భాల్కి, హుమ్నాబాద్ మైసూరు రాష్ట్రంలో చేరాయి. పెళ్లి సంబంధాలు, వ్యాపారాలు, పొలాలు మాత్రం గీత చూసుకుని పెరగలేదు. అందుకే ఇక్కడ బండి నంబరు ఒక రాష్ట్రానిది, బండి నిలిపే వాకిలి ఇంకో రాష్ట్రానిది కావడం మామూలు సంగతి. బీదర్ నంబరు కేఏ 38, భాల్కిది కేఏ 39, బసవకల్యాణ్‌ది కేఏ 56. సరిహద్దు దాటితే సంగారెడ్డి జిల్లా 15 నంబరు.

పరదేశంలో కారు నడపడం గురించి మనవాళ్లు మాట్లాడుకునేటప్పుడు ప్రశ్న ఎప్పుడూ మనిషి చుట్టూ తిరుగుతుంది. నా లైసెన్సు చెల్లుతుందా, నా వీసాకి లైసెన్సిస్తారా అని. బీదర్‌లో కాపురం పెట్టిన తెలుగువాడికి ఆ బాధ లేదు. అతను పరాయివాడు కాడు, అతని కారు పరాయిది. ఈ రెండో రకం పరాయితనం మీద మన దగ్గర రాసిన రాతలు తక్కువ, చెప్పుకునే పుకార్లు ఎక్కువ. "నెల దాటితే సీజ్ చేస్తారు", "సంవత్సరం దాకా ఎవడూ అడగడు", "ఎన్వోసీ ఉంటే చాలు, నంబరు మార్చక్కర్లేదు". ఈ మూడు మాటల్లో ఒక్కటీ పూర్తిగా నిజం కాదు, ఒక్కటీ పూర్తిగా అబద్ధమూ కాదు.

చిక్కంతా రాజ్యాంగంలోనే మొదలైంది. మోటారు వాహనాల వ్యవహారం ఉమ్మడి జాబితాలో 35వ పద్దు. కేంద్రమూ రాష్ట్రమూ చట్టం చేయొచ్చు, కేంద్రం మాటది పైచేయి. వాహనాల మీద పన్ను రాష్ట్ర జాబితాలో 57వ పద్దు. కాబట్టి బండికి గుర్తింపునిచ్చే చట్టం ఢిల్లీది, ఆ గుర్తింపు మీద డబ్బు వసూలు చేసే హక్కు బెంగళూరుదో హైదరాబాద్‌దో. మొదటి చట్టం దేశాన్నంతా ఒకే ఊరిలా చూస్తుంది. రెండో చట్టానికి సరిహద్దు దగ్గర కొలువు.

లైసెన్సు సంగతి తేల్చేద్దాం, అందులో పెద్దగా చర్చ లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం దేశంలో ఎక్కడ తీసుకున్న లైసెన్సయినా దేశమంతా చెల్లుతుంది. ఖైరతాబాద్‌లో తీసుకున్న లైసెన్సుతో బీదర్‌లో దాని గడువు తీరేదాకా నడపొచ్చు. రెన్యువల్ వచ్చినప్పుడు బీదర్ చిరునామా రుజువు పెట్టి అక్కడే చేయించుకోవచ్చు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా అంతే, రాష్ట్రం మారినంత మాత్రాన మురిగిపోవు. కాగితాలు ఫోన్లో డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపినా ఒప్పుకోవాలని 2018లోనే కేంద్రం నిబంధన మార్చింది. వాట్సాప్‌లో దాచుకున్న ఆర్సీ ఫొటోకు మాత్రం ఆ విలువ లేదు. ఈ తేడా తెలియక రోడ్డు పక్కన వాదనకు దిగేవాళ్లను ఎక్కడ చూసినా చూస్తాం.

ఆర్సీ దగ్గరకొస్తే కథ మలుపు తిరుగుతుంది. 46వ సెక్షన్ ఏ రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషనైనా దేశమంతటా చెల్లుతుందంటుంది. ఆ వెంటనే 47వ సెక్షన్ వస్తుంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త రాష్ట్రం నంబరుకు దరఖాస్తు చేసుకోవాలి. ఆ 12 నెలలు తీరాక దరఖాస్తుకు మరో 30 రోజులు వ్యవధి ఉంటుంది, ఫారం 27 దానికోసమే. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది 49వ సెక్షన్. బండి యజమాని ఇల్లు మారితే 30 రోజుల్లోపల కొత్త చిరునామా తెలియజేయాలి. కొత్త ఇల్లు వేరే ఆర్టీవో పరిధిలో ఉంటే ఆ ఆర్టీవోకి తెలపాలి. అంటే గడియారాలు రెండు నడుస్తున్నాయి. మనిషి చిరునామాది 30 రోజుల గడియారం, బండి నంబరుది 12 నెలల గడియారం. "నెల దాటితే సీజ్" అనే పుకారు పుట్టడానికి ఈ రెంటినీ కలిపి వినడం ఒక కారణం.

రెండో కారణం మాత్రం కర్ణాటక స్వయంగా కల్పించింది. 2014లో రాష్ట్రం తన మోటారు వాహనాల పన్ను చట్టాన్ని సవరించి, ఇతర రాష్ట్రాల బండి 30 రోజులు దాటి కర్ణాటకలో ఉంటే లైఫ్ ట్యాక్స్ కట్టాల్సిందే అంది. బెంగళూరు ఐటీ ఉద్యోగులే దాని గురి. అక్కడ ఏపీ, టీఎస్, తమిళనాడు నంబర్లు వీధికి పది. కానీ చట్టం రాష్ట్రమంతటిదీ కాబట్టి దెబ్బ బీదర్‌కూ తగిలింది. బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్లినవాడు ఏడాదికి రెండుసార్లు ఇంటికి పోతాడు, బీదర్‌వాడు వారానికి రెండుసార్లు సరిహద్దు దాటుతాడు. మొదటివాడి విషయంలో 30 రోజుల లెక్క కట్టడం కష్టమే, రెండోవాడి విషయంలో అర్థమే లేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. 2016 మార్చిలో కర్ణాటక హైకోర్టు ఆ సవరణ నిలవదని కొట్టేసింది. కేంద్ర చట్టం నంబరు మార్చుకోవడానికి 12 నెలలు ఇస్తుంటే, రాష్ట్రం 30 రోజులకే జీవితకాలపు పన్ను అడగడం పొసగదన్నది దాని సారం.

తీర్పు ఇచ్చారు కదా, గొడవ తీరిందనుకుంటాం. కౌంటర్లో తీరినా నాకాబందీ దగ్గర తీరలేదు. "గాడి బందు ఎష్టు దివస ఆయ్తు?" అన్న ప్రశ్న ఇప్పటికీ వినిపిస్తుంది. బండి వచ్చి ఎన్ని రోజులైందని. అడిగేవాడి గొంతులో 30 మెదులుతుంది, చెప్పేవాడి గొంతులో 12 నెలలు మెదులుతాయి. అసలు సమస్య సంఖ్య కాదు, లెక్క ఎప్పటి నుంచి మొదలన్నది. బండి కర్ణాటకలోకి వచ్చిన తేదీని ఏ కాగితమూ రాసి పెట్టదు. సరిహద్దులో పాస్‌పోర్టు ముద్ర లాంటిది బండికి లేదు.

ఇక్కడ అనుభవజ్ఞులు చేసే పని చిన్నదే గానీ గొప్పది. డాష్‌బోర్డు అరలో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకుంటారు. అందులో తెలంగాణ వైపు పెట్రోలు బంకు బిల్లులు, జహీరాబాద్‌లోనో సంగారెడ్డిలోనో చేయించిన సర్వీసు బిల్లు, టోలు రసీదులు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక కాగితపు రసీదు అవసరం తగ్గింది. హైదరాబాద్ నుంచి బీదర్‌కు 65వ జాతీయ రహదారి మీద వచ్చే ప్రతి కారూ కంకోలు టోల్‌గేటు దాటాలి. ఏ తేదీన ఏ గంటకు దాటిందో ఫాస్టాగ్ ఖాతాలో ఉంటుంది. నెలనెలా ఆ ఖాతా స్టేట్‌మెంటు తీసి పెట్టుకున్నవాడికి వాదన అక్కర్లేదు, బండి వరసగా ఏడాది కర్ణాటకలో లేదని అంకెలే చెబుతాయి. అదే ఫాస్టాగ్ రెండోవైపూ చెబుతుందని మరవద్దు. ఏడాదిన్నరగా కంకోలు మొహం చూడని టీఎస్ కారు, బీదర్ షోరూంలో మూడు సర్వీసులు చేయించుకున్న టీఎస్ కారు, "నిన్ననే వచ్చాం సార్" అంటే నమ్మేవాడెవడు?

ఏడాది దాటి ఉండాలనుకునేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు దారి ఒకటే. ముందు పాత ఆర్టీవోలో నిరభ్యంతర పత్రం, అదే ఎన్వోసీ, ఫారం 28. దానికి ముందు బండి మీద ఈ-చలాన్లు బాకీ ఉండకూడదు. బండి దొంగ సొత్తు కాదని పోలీసు రికార్డు కావాలి. అప్పు మీద కొన్నదైతే బ్యాంకు సమ్మతి పత్రం కావాలి. హైదరాబాద్ కెమెరాల పుణ్యమా అని మొదటి మెట్టు మీదే చాలామంది కూలబడతారు, తమకు తెలియకుండా పేరుకున్న చలాన్ల చిట్టా అప్పుడు బయటపడుతుంది. దరఖాస్తుకు 30 రోజుల్లోగా జవాబు రాకపోతే ఎన్వోసీ ఇచ్చినట్టే భావించాలని 48వ సెక్షన్ చెబుతుంది. మంచి నిబంధనే. కానీ పాత ఆర్టీవో ఊరుకున్నంత మాత్రాన కొత్త ఆర్టీవో చేతిలో కాగితం పడదు, కాగితం లేనిదే కొత్త రాష్ట్రంలో ఫైలు కదలదు.

తెలుగు రాష్ట్రాల బండ్లకు ఇంకో తంటా ఉండేది. దేశంలో చాలా రాష్ట్రాల బండ్ల వివరాలు కేంద్రం నడిపే వాహన్ వ్యవస్థలో ఉంటే, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చాలాకాలం దానిలో చేరకుండా సొంత వ్యవస్థలు నడుపుకున్నాయి. పుణె బండి వివరాలు బీదర్ కంప్యూటర్లో తెరుచుకుంటే, పక్కనున్న జహీరాబాద్ బండి వివరాలు తెరుచుకోని విడ్డూరం ఇలా పుట్టింది. దానికి తోడు నంబర్ల గజిబిజి. తెలంగాణలో 2014 జూన్ 2 తర్వాత కొన్న బండి టీఎస్, అంతకుముందుది ఏపీ, 2024 మార్చి నుంచి కొన్నది టీజీ. తెలంగాణ వచ్చిన కొత్తలో ఏపీ నంబర్లన్నీ టీఎస్‌గా మార్పిస్తామన్న ప్రతిపాదన వచ్చి జనం గగ్గోలు పెట్టారు, అది అమలు కాలేదు. అందుచేత ఒకే వీధిలో, ఒకే ఇంట్లో మూడు రకాల నంబర్లు ఉండొచ్చు, మూడూ తెలంగాణవే కావొచ్చు. ఆంధ్ర వైపు 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వరస మొదలుపెట్టారు, ఆ నంబరు చూసి బండి ఏ జిల్లాదో చెప్పలేం. ఇదంతా మనకు అలవాటైపోయింది. కర్ణాటక పోలీసుకు ఎందుకు అలవాటు కావాలి?

ఇక డబ్బు. కర్ణాటకలో కారు లైఫ్ ట్యాక్స్ ధరను బట్టి 13 శాతం నుంచి 18 శాతం దాకా పోతుంది, దాని మీద సెస్సు. ఎనిమిది లక్షల కొత్త కారుకు 14 శాతం లెక్కన లక్షా 12 వేలు, సెస్సు కాక. పాత బండి అయితే వయసును బట్టి తగ్గిస్తారు. దేశంలోకెల్లా బండి పన్ను ఎక్కువున్న రాష్ట్రాల్లో కర్ణాటక ఒకటి. అయినా నా దృష్టిలో పన్ను ఎక్కువ కావడం అసలు ఫిర్యాదు కాదు. లైఫ్ ట్యాక్స్ పేరిట హైదరాబాద్‌లో ఒకసారి పదిహేనేళ్లకు సరిపడా ముందే వసూలు చేశారు. మూడేళ్లకే బీదర్ వచ్చేశాం. మిగిలిన కాలం డబ్బు వెనక్కి ఇచ్చే ఏర్పాటు రాష్ట్రాల చట్టాల్లో ఉంది. కానీ ముందు కొత్త రాష్ట్రంలో పన్ను కట్టి, కొత్త నంబరు తీసుకుని, ఆ రసీదు, కొత్త ఆర్సీ నకలు పట్టుకుని పాత ఊరి ఆర్టీవోకి తిరిగి వెళ్లి అడగాలి. బీదర్ నుంచి హైదరాబాద్ వెళ్లడం పెద్ద లెక్క కాదు. విశాఖపట్నం నుంచి వచ్చినవాడు ఒక ఫైలు కోసం ఎన్నిసార్లు వెళ్తాడు? అందుకే చాలామంది రిఫండు మాట వదిలేసి రెండుసార్లు పన్ను కట్టినట్టే సరిపెట్టుకుంటారు. ఇంకా చాలామంది అసలు నంబరే మార్చరు. ఈ రెండో జాతిని చట్టం ఎగ్గొట్టేవాళ్లని అనడం తేలిక. వాళ్లను అలా తయారు చేసింది రిఫండు దారిలోని ముళ్లకంప.

ఎగ్గొట్టేవాళ్లు అసలు లేరని కాదు. పుదుచ్చేరిలో పన్ను తక్కువని అక్కడ ఇల్లూ వాకిలీ లేకపోయినా ఖరీదైన కార్లకు పీవై నంబర్లు తెచ్చుకుని బెంగళూరులోనూ కొచ్చిలోనూ తిప్పినవాళ్ల మీద దాడులు జరిగాయి. పుదుచ్చేరి అంటే మనకు యానాం కూడా, గోదావరి జిల్లాల్లో పీవై 04 నంబరు కారు చూసి "యానాం బండి" అని నవ్వుకోవడం పాత అలవాటే. ఇలాంటివాళ్లను పట్టుకోవడానికి వేసిన వలలో సరిహద్దు ఊళ్ల సామాన్యులు చిక్కుతున్నారు.

ఈ ముడి విప్పడానికి కేంద్రం 2021 సెప్టెంబరు 15 నుంచి బీహెచ్ సిరీస్ తెచ్చింది. ముందు సంవత్సరం అంకెలు, తర్వాత బీహెచ్, తర్వాత నాలుగంకెలు, అక్షరాలు. రాష్ట్రం మారినా నంబరు మార్చనక్కర్లేదు. పన్ను రెండేళ్లకోసారి కట్టుకుంటూ పోవడమే. ధర పది లక్షల లోపలైతే 8 శాతం, పది నుంచి ఇరవై లక్షల దాకా 10, ఆపైన 12, ఇదీ లెక్కకు ఆధారం. డీజిలుకు రెండు శాతం ఎక్కువ, ఎలక్ట్రిక్‌కు రెండు శాతం తక్కువ. సైనికులు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థలవాళ్లు, నాలుగు అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు దీనికి అర్హులు.

బీదర్‌కు ఇది సరిగ్గా కుట్టిన చొక్కా. ఊరి పక్కనే వైమానిక దళ కేంద్రం ఉంది. హాక్ జెట్ల మీద పైలట్లకు శిక్షణనిచ్చేదిక్కడే, విన్యాసాలు చేసే సూర్యకిరణ్ బృందం స్థావరమూ ఇదే. అక్కడ పనిచేసే తెలుగువాళ్లు మూడు నాలుగేళ్లకోసారి బదిలీ మీద జోధ్‌పూర్‌కో తాంబరానికో పోయేవాళ్లే. అలాంటివాళ్లు ప్రతి ఊళ్లో లైఫ్ ట్యాక్స్ కట్టడం అన్యాయం, ప్రతి ఊళ్లో కట్టకుండా తిరగడం ప్రమాదం. బీహెచ్ రెంటినీ తప్పించింది. 2022 డిసెంబరు సవరణ తర్వాత పాత నంబరు బండిని కూడా, యజమాని అర్హుడైతే, బీహెచ్‌కు మార్చుకోవచ్చు. కర్ణాటక మొదట ప్రైవేటు ఉద్యోగులకు ఈ సిరీస్ ఇవ్వనని సర్క్యులర్ వేసింది. 2022 డిసెంబరులో హైకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. పన్ను ఆదాయం పోతుందన్న రాష్ట్రం భయం అర్థం చేసుకోదగ్గదే, దానికోసం కేంద్ర నిబంధనకు అడ్డం పడటం మాత్రం కాదు.

బీహెచ్ అందనిది చిన్న వ్యాపారికి, రైతుకు, సొంత క్లినిక్ పెట్టుకున్న డాక్టరుకు, ఒకే రాష్ట్రంలో ఉన్న కంపెనీ ఉద్యోగికి. బీదర్‌లో ఇల్లు, జహీరాబాద్‌లో దుకాణం ఉన్నవాడు బదిలీ ఉద్యోగి కన్నా ఎక్కువగా రెండు రాష్ట్రాల్లో తిరుగుతాడు, ఈ పథకంలో మాత్రం అతనికి చోటు లేదు.

పసుపు ప్లేటు బండ్లది వేరే లోకం. ట్యాక్సీ, లారీ, బాడుగ బండ్లకు పర్మిట్లు, రాష్ట్ర పన్నులు, ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ లాంటివి ఉన్నాయి. తెల్ల ప్లేటు కారును బాడుగకు తిప్పడం ఏ రాష్ట్రంలోనైనా నేరమే, అది చెప్పి ముందుకు పోదాం.

నిజంగా విదేశీయుడే బీదర్‌లో కారు నడపాలంటే? గురునానక్ ఝీరా సాహిబ్ గురుద్వారాకు కెనడా, బ్రిటన్‌లలో స్థిరపడ్డ సిక్కు కుటుంబాలు వస్తుంటాయి, అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లూ సెలవులకు వస్తారు. పాస్‌పోర్టు మారితే చట్టం దృష్టిలో వాళ్లు విదేశీయులే. తమ దేశపు లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉంటే 1949 జెనీవా ఒప్పందం కింద ఇక్కడ నడపొచ్చు. పర్మిట్ ఒక్కటే చూపితే చాలదు, అసలు లైసెన్సుకు అది అనువాదపు జత మాత్రమే. ఇక్కడే ఏళ్ల తరబడి ఉండేవాళ్లు చిరునామా, వీసా రుజువులు చూపి మన లైసెన్సే తీసుకోవాలి. పెద్ద నగరాల్లో విదేశీయుల నమోదు కార్యాలయం విడిగా ఉంటుంది, బీదర్ లాంటి జిల్లాలో ఆ బాధ్యత ఎస్పీది. అమెరికా పౌరుడైన తమ్ముడికి అన్న కారు తాళాలిచ్చే ముందు అంతర్జాతీయ పర్మిట్ ఉందా అని అడగడం మంచిది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ మొట్టమొదట అడిగేది అదే.

తన దేశం నుంచి కారుతో సహా వచ్చే యాత్రికుల కోసం 2022లో కేంద్రం విడిగా నిబంధనలు చేసింది. ఆర్సీ, లైసెన్సు లేదా అంతర్జాతీయ పర్మిట్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ పత్రం బండిలో ఉండాలి. అవి ఇంగ్లీషులో లేకపోతే అధికారిక అనువాదం కావాలి. ఇక్కడ ప్రయాణికులను గానీ సరుకు గానీ ఎక్కించి సంపాదించకూడదు. స్టీరింగు ఎడమవైపున్న బండికి 120వ సెక్షన్ ప్రకారం సిగ్నల్ ఇచ్చే పరికరం ఉండాలి. నికితిన్ ఈ కాలంలో వచ్చి ఉంటే గుర్రానికి కస్టమ్స్ హామీ పత్రం కూడా అడిగేవాళ్లు.

ఇక అటువైపు, మనవాళ్లు పరాయివాళ్లయ్యే చోట్లు. బీదర్‌లో గానీ కడపలో గానీ అంతర్జాతీయ పర్మిట్ ఇచ్చేది సొంత చిరునామా ఉన్న ఆర్టీవోయే. ఫారం 4ఏ, వెయ్యి రూపాయల ఫీజు, ఏడాది చెల్లుబాటు. ఇంటర్నెట్‌లో పదేళ్ల పర్మిట్ అమ్ముతామనేవాళ్ల మాట నమ్మకండి. ఈ ఏడాది పర్మిట్ కూడా చుట్టపుచూపుగా వెళ్లేవాడికే. దుబాయిలో విజిటర్‌గా ఉన్నంతకాలం అద్దె కారు నడపొచ్చు, రెసిడెన్సీ వీసా పడగానే అక్కడి లైసెన్సు తీసుకోవాల్సిందే. అమెరికా, బ్రిటన్, జపాన్ లైసెన్సులను అక్కడ నేరుగా మార్చి ఇస్తారు. మనవాళ్లు క్లాసులకు పోయి పరీక్ష రాయాలి. కువైట్ ఇంకా కఠినం. 2014లో పెట్టిన నియమం ప్రకారం ప్రవాసి మామూలుగా లైసెన్సు పొందాలంటే నెలకు 600 దినార్ల జీతం, డిగ్రీ, రెండేళ్ల నివాసం ఉండాలి. ఇళ్లల్లో డ్రైవర్లుగా పోయేవాళ్లకు మినహాయింపు ఉంది, లేకపోతే రాజంపేట, రాయచోటి వైపు నుంచి వెళ్లిన మన డ్రైవర్లకు ఉద్యోగాలే ఉండేవి కావు. యజమాని కారు నడపడానికి లైసెన్సు వస్తుంది, సొంత కారు నడపాలంటే జీతం చాలదు. పరాయితనాన్ని ఇంత నిక్కచ్చిగా కొలిచే తూకం ఇంకోటి లేదు.

అమెరికా సంగతి మనకు పనికొచ్చే పాఠం, ఎందుకంటే అదీ రాష్ట్రాల సమాఖ్యే. టెక్సాస్‌కు కాపురం మార్చినవాడు 90 రోజుల్లో లైసెన్సు, 30 రోజుల్లో కారు రిజిస్ట్రేషన్ అక్కడిది చేయించుకోవాలి. కాలిఫోర్నియాలో లైసెన్సుకు పది రోజులు, బండికి 20 రోజులు. మన 12 నెలల పక్కన ఇవి మరీ బిగువు గడువులు. అయినా టెక్సాస్‌లోని ఇర్వింగ్, ఫ్రిస్కోల తెలుగువాళ్లు గగ్గోలు పెట్టరు. అక్కడ రిజిస్ట్రేషన్ ఏడాదికోసారి కట్టుకునే ఫీజు. పదిహేనేళ్ల పన్ను ఎవడి దగ్గరా ముందే ఇరుక్కోదు. కొత్తగా వచ్చినవాడు వేరే రాష్ట్రంలో రిజిస్టరైన కారు తెస్తే టెక్సాస్ 90 డాలర్ల పన్ను తీసుకుని సరిపెడుతుంది. అక్కడ మనవాళ్లకు తలనొప్పి లైసెన్సుతోనే, హెచ్1బీ వీసా గడువుతో పాటే దాని గడువూ తీరిపోతుంది.

అమెరికానూ మన దేశాన్నీ పక్కపక్కన పెడితే మనకు కావలసిన సంస్కరణ కనిపిస్తుంది. 12 నెలలను 24 చేయమనడం కాదు, 30 రోజులకు తగ్గించమనడం అంతకన్నా కాదు. లైఫ్ ట్యాక్స్ అన్నదాన్ని ఏడాదికో రెండేళ్లకో కట్టుకునే పన్నుగా మార్చి, బీహెచ్ సిరీస్‌ను అందరికీ తెరిస్తే ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికి ఆ ఏడు పన్ను పోతుంది. రాష్ట్రాలు ఒక్కసారిగా చేతికొచ్చే పెద్ద మొత్తాన్ని వదులుకోవడానికి ఇష్టపడవు, అడ్డంకి అదొక్కటే. అది జరిగేదాకా కనీసం రిఫండునైనా రాష్ట్రాలు ఒకదానితో ఒకటి చూసుకోవాలి. తెలంగాణలో కట్టిన పన్నులో మిగులును కర్ణాటకలో కట్టాల్సిన దానిలో సర్దుబాటు చేయడం కంప్యూటర్ల కాలంలో కష్టమేమీ కాదు.

అందాకా, బీదర్‌లో పొరుగు నంబరు కారుతో ఉన్న పాఠకులకు నా మాట ఇది. ఏడాదిలోపల తిరిగి వెళ్లేవాళ్లయితే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్లు దాచుకోండి, చిరునామా మార్పు మాత్రం నెలలోపల తెలపండి. ఉండిపోయేవాళ్లయితే పదో నెలలోనే ఎన్వోసీకి దరఖాస్తు పెట్టండి, చలాన్లు ముందే కట్టేయండి. బీదర్‌లో పన్ను రసీదు చేతికొచ్చిన వారంలోపే పాత ఆర్టీవోలో రిఫండుకు రాతపూర్వకంగా అడిగి, ఆ దరఖాస్తు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.